ఏడో మజిలీలో డొల్ల చప్పుడు

మూతపడ్డ గని మీదుగా వేసిన బహుళ ప్రయోజన వారసత్వ బాట ప్రారంభమైనదని ప్రజలకు తెలియజేయడమైనది. దీని మీద నడవొచ్చు, పరిగెత్తొచ్చు, సైకిలు తొక్కొచ్చు, గుర్రమెక్కొచ్చు. గనిలో పనిచేసినవాళ్లు నోరు మూసుకోవాలని మాత్రం బోర్డు మీద రాయడం మరిచారు. అందుకే చప్పుడు తాత నోరు తెరిచాడు.

ముప్పయ్యేళ్లు ఆయన పని ఒకటే. షిఫ్టువాళ్లు గనిలోకి దిగేముందు పొన్నుకర్రతో సొరంగం కప్పు తట్టి చూడటం. గట్టిగా మోగితే జనం లోపలికి, డొల్లగా మోగితే బయటికి. బాట మీద ఏడో మజిలీలో కూతురికి టీకొట్టు ఇచ్చారంటే మురిసిపోతూ వెళ్లి, చెయ్యి ఊరుకోక నేల తట్టాడు.

డొల్ల!

"అమ్మాయ్, సామాను దించకు. కింద మేం తవ్విన సొరంగం ఉంది."

"ఆర్నెల్లు తిరిగితే వచ్చిన కొట్టు నాన్నా! నువ్వు తడితే మనింటి గోడ కూడా డొల్లే."

"డొల్లే! కానీ అది నిన్ను మింగదు."

తాత ఆఫీసుకి పరిగెత్తాడు. బాట అధికారి మ్యాపు పరిచి చూశారు. "ఇందులో సొరంగం లేదే?"

"మ్యాపు గీసినాయన కిందికి దిగలేదు సార్."

మ్యాపులో లేని సొరంగాలను లేనట్టే భావించవలెనని సాయంత్రానికల్లా ఉత్తర్వు వెలువడింది.

ప్రారంభోత్సవం నాడు తాత ఏడో మజిలీలో జనంలోకి దూరి, కర్రతో నేల బాది, "డొల్ల! పక్కకి పోండి!" అని అరిచాడు. చప్పట్లు మారుమోగాయి. ముఖ్య అతిథి కళ్లొత్తుకున్నారు. "ఇదీ మన శ్రామిక కళ! ఈ చప్పుడు భావితరాలకు అందాలి!"

తాతకి ధ్వని వారసత్వ కళాకారుడిగా నియామకపత్రం, ఒక టోపీ ఇచ్చారు. రోజుకి రెండు ప్రదర్శనలు.

తాతకి కిటుకు దొరికింది. "సార్, గిన్నెల మోతలో నా కళ పాడవుతోంది. ఆ టీకొట్టు వంద గజాల అవతల, రాతినేల మీదికి మార్పించండి."

గంటలో మార్చేశారు. ప్రాణానికి కదలని కొట్టు కళకి కదిలింది.

కూతురికి గండం గడిచింది. తాత గొంతు మాత్రం పోయేలా ఉంది. "ఇది ఆట కాదు బాబూ, ఇక్కడ నిలబడొద్దు!" అని రోజూ మొత్తుకుంటాడు. ఆ ముక్క దగ్గరే చప్పట్లు ఎక్కువ. మొన్న నేల జానెడు కుంగితే, కూర్చుని చూడటానికి వాటంగా ఉందని బెంచీలు వేయించారు.

మీరూ తప్పక రండి. టీకొట్టు దగ్గర ఎప్పుడొచ్చినా ఖాళీయే. చప్పుడు బాగా వినపడేది ముందు బెంచీలో. దానికి మాత్రం ఇప్పట్నుంచే చెప్పి పెట్టుకోండి.