నక్షత్రాలు లేని చోట ముద్ద దిగదు

కడుపుకి ఆకలి వేస్తే వేయవచ్చు గాని, ఎక్కడ తినాలో నిర్ణయించే అర్హత దానికి లేదు. ఆ అర్హత ఫోనులో మెరిసే నక్షత్రాలకే ఉంది. ఈ మాట బాగా ఆలోచించే అంటున్నాను.

పూర్వం మనం ఏం చేసేవాళ్ళం? వాసన బాగుంటే లోపలికి నడిచేవాళ్ళం. ముక్కుని నమ్ముకుని బతికాం! ఎంత అనాగరికం! ఇప్పుడో? ముక్కూ మొహం తెలియని మనుషులు పని మానుకుని మరీ తాము తాగిన సూపు గురించి పేరాలకు పేరాలు రాసి, అయిదుకి ఇన్నని నక్షత్రాలు కూడా వేసి పెడుతున్నారు. వండినవాళ్ళకి ఒక మంచిమాట చెప్పాలన్న ఆ తపన చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

కాలేజీలో చదివే మా అమ్మాయి మొన్న సెలవులు కలిసొస్తే స్నేహితురాలితో పరాయి దేశపు నగరం చూసొచ్చింది. దేశం దాటడం అదే మొదటిసారి. నేను కోరింది ఒక్కటే: "ఏం చూసినా చూడకపోయినా సరే, వేళకి కడుపునిండా తిను తల్లీ."

ఆ స్నేహితురాలిని మా ఇంట్లో జడ్జిగారు అంటాం. విచారణ జరపనిదే మంచినీళ్ళు కూడా ముట్టదు. నాలుగున్నర నక్షత్రాలకి తక్కువున్న గడప తొక్కేది లేదని విమానంలోనే తీర్పు చెప్పేసింది.

వాళ్ళు దిగిన గది కిందే రొట్టెల దుకాణం. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెల వాసన మెట్లెక్కి వచ్చి తలుపు తట్టేదట. కొట్టావిడ గుమ్మంలో నిలబడి రమ్మని చెయ్యూపేదట.

"ఒక్కటి కొనుక్కుందామే, ప్రాణం పోతోంది," అంది మా అమ్మాయి.

"ఒక్క రివ్యూ కూడా లేదు. నువ్వేమన్నా లేబొరేటరీ ఎలుకవా?" అంది జడ్జిగారు.

"ఎలుకకైనా రొట్టె పడేస్తారు కదే!"

అప్పీలు కొట్టేశారు. ఇద్దరూ బస్సెక్కి ఊరి ఆ చివరికి పోయి, నక్షత్రాలు దండిగా ఉన్న హోటలు ముందు వరసలో నిలబడ్డారు. వీళ్ళ వంతు వచ్చేసరికి వంటవాడు ఏప్రన్ విప్పి ఇంటికెళ్ళిపోయాడు. అయినా అంత గొప్ప చోట ఆకలితో మాడే భాగ్యం అందరికీ దక్కుతుందా?

మర్నాడు అయిదుకి అయిదు నక్షత్రాలూ ఉన్న చోటు దొరికింది! బోర్డు ఆ దేశపు భాషలో ఉంది. అంకె కనిపిస్తుంటే అక్షరాలతో పనేముంది? లోపల తెల్లటి గోడలు, మెత్తని సంగీతం. ఒకావిడ నవ్వుతూ వచ్చి మా అమ్మాయిని కూర్చోబెట్టి, మెడకి కాగితపు రుమాలు తనే కట్టింది. పక్కనే చిన్న గ్లాసుతో నీళ్ళు పెట్టింది.

"చూశావా మర్యాద!" అని జడ్జిగారు మోచేత్తో పొడిచింది.

అంతలో కుర్చీ దానంతటదే వెనక్కి వాలింది. నెత్తిమీద దీపం వెలిగింది. మూతికి గుడ్డ కట్టుకున్న పెద్దమనిషి నోరు తెరవమని సైగ చేశాడు.

అది పళ్ళ ఆసుపత్రి.

అయితేనేం? నక్షత్రాలు అబద్ధం చెప్పలేదే! మా పిల్ల పళ్ళు ఇనప గుండ్లని అక్కడే తేలింది. వాటికి పని లేకపోవడమొక్కటే లోటు.

చివరికి పార్కు బల్లమీద కూర్చుని, సంచి అడుగున నలిగిన బిస్కెట్లు పంచుకుని తిరుగు విమానం ఎక్కారు.

ఇంటికొచ్చిన పిల్ల భుజాన సంచైనా దించకుండా భోజనాల బల్ల దగ్గర చతికిలబడింది. వడ్డించిందల్లా ఊడ్చేసింది. గిన్నె గోకి మరీ తింది. పక్కన మావారు కూడా మారు వడ్డించుకుని, తేన్చి, చెయ్యి కడుక్కున్నారు.

"ఎలా ఉందండీ?" అన్నాను.

"ఏది?" అన్నారాయన.

అమ్మాయి వైపు చూశాను. విమానాశ్రయం కుర్చీలు ఎంత మెత్తగా ఉన్నాయో ఫోనులో ఆపకుండా రాసుకుపోతోంది. తలెత్తకుండానే, "తప్పు పట్టలేదంటే బాగున్నట్టేగా అమ్మా!" అంది.

నిజమే. ఇన్నేళ్ళుగా నా కాపురంలో అమల్లో ఉన్న పద్ధతి అదే. అందుకే రేపటి కూరలో ఉప్పు వేయదలుచుకోలేదు. అప్పుడైనా నోళ్ళు లేస్తాయి. ఒక్క నక్షత్రమైనా సరే, కళ్ళకద్దుకుని తీసుకుంటాను!