మహిషి నగర ప్రవేశం

తెలుగు భాష ఇవాళ్టికీ బతికి బట్టకడుతోందంటే అందుకు కారణం తార్నాకలో ఒక మేడ మీదున్న వైఫై. ఈ సంగతి లోకానికి సరిగా తెలియదు. తెలియజెప్పడానికే వెంకటసుబ్బారావు గారు ఫేస్‌బుక్‌లో 'తేనెపలుకు' అనే గ్రూపు పెట్టారు.

ఆయన యూనివర్సిటీలో డిప్యూటీ రిజిస్ట్రారుగా పనిచేసి రిటైరయ్యారు. రిటైరైంది ఉద్యోగమే గానీ ఆయన కాదు. గ్రూపు పుట్టిన వారానికే దానికొక రచనా నియమావళి పుట్టింది. పేరాలు మరీ పొడవుగా గానీ మరీ పొట్టిగా గానీ ఉండరాదు. శీర్షిక తగిన సైజులో ఉండవలెను. బొమ్మలు అవసరానికి మించి వాడరాదు, అవసరమైనచో మించవచ్చును. మంచి తెలుగు వాడవలెను. వీటన్నిటికీ తాళంచెవి లాంటిది ఆఖరి నియమం: "పై వాటిలో సందేహం కలిగినచో కమిటీకి కలిగిన అభిప్రాయమే అర్థముగా గ్రహించవలెను."

కమిటీ అంటే ముగ్గురు. అధ్యక్షులు ఆయనే. రెండో సభ్యురాలు కాత్యాయని గారు, లెక్చరర్‌గా చేసి మానేసినావిడ. ఆవిడ చేతిలో పడితే ఇడ్లీకి కూడా సంస్కృతంలో పేరు దొరుకుతుంది. మూడో ఆయన విద్యానగర్‌లో ఉండే ఇన్నయ్య, మాజీ బ్యాంకు మేనేజరు. కమిటీలో తెలంగాణ వాళ్లెవరూ లేరని రేపెవరైనా వేలెత్తి చూపుతారేమోనని ఆయన్ని తీసుకున్నారు. అప్పట్నుంచీ ఆయన ఎవరూ వేలెత్తకుండా చూసుకుంటూ వస్తున్నారు.

నెలకో ఆదివారం క్యాంపస్‌లో ఒక సెమినార్ హాలు తీసుకుని సభ పెడతారు. ఆ నెల కమిటీ ఆమోదించిన రచనల్ని రాసినవాళ్లే వేదికెక్కి చదువుతారు. చదివినవాళ్లకు శాలువా, విన్నవాళ్లకు ఉప్మా.

భాగ్య ఆ క్యాంపస్‌లోనే హాస్టల్లో ఉండి చరిత్రలో పరిశోధన చేస్తోంది. వాళ్లమ్మ లింగమ్మ మల్కాజ్‌గిరిలో ఒక బడిలో ఆయా. ఊళ్లో పొలం పోయి పట్నం వచ్చేటప్పుడు అన్నీ అమ్ముకున్నారు గానీ, బర్రెను మాత్రం అమ్మనని లింగమ్మ మొండికేసింది. దాన్ని డీసీఎం వ్యాను ఎక్కించి తెచ్చింది. తీరా మల్కాజ్‌గిరిలో దించాక అది రైలు కూత విని నడిరోడ్డు మీద పడుకుంది. ట్రాఫిక్ పోలీసు వచ్చి కాగితాలు చూపించమన్నాడు. "దానికి కాగితాలెందుకు సారూ, అది పాలిస్తది" అంది లింగమ్మ. బర్రె వాసనొస్తుంది, ఇల్లు ఇవ్వనన్న ఓనరు మర్నాటి పొద్దున పాలకని చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

ఈ కథ లింగమ్మ చెబితే నవ్వనివాళ్లు లేరు. భాగ్య దాన్ని వాళ్లమ్మ నోట వచ్చినట్టే, ఒక్క మాట మార్చకుండా రాసి 'తేనెపలుకు'కు పంపింది. చదువురాని లింగమ్మకు తన ముచ్చట పెద్ద హాల్లో మైకులో వినబడుతుందని తెలిసింది మొదలు కాలు నిలవలేదు. గల్లీ అంతా చెప్పుకుంది. ఆదివారానికి చీర కూడా ఇస్త్రీకి ఇచ్చింది.

పోస్టు తిరిగొచ్చింది. పేరాలు పొడవన్నారు. భాగ్య విడగొట్టి పంపింది. పొట్టిగా ఉన్నాయన్నారు. కలిపి పంపితే "మంచి తెలుగు వాడవలెను" అన్న నియమం కింద తిప్పి పంపారు. అదే రోజు అధ్యక్షులవారి అబ్బాయి వెంకటసాయి "గైస్, ప్రమోషన్ పార్టీ ఫుల్ ధమాకా" అని రాసి, కింద మందు గ్లాసుల బొమ్మలు వరసగా పేర్చిన పోస్టు మాత్రం ఆమోదం పొందింది. దాని కింద కమిటీ వారు "యువతరం జీవభాష" అని మెచ్చుకున్నారు కూడా.

అమ్మకు ఏమని చెప్పాలో తెలియక భాగ్య తార్నాకలో ఆ మేడ మెట్లెక్కింది. కమిటీ ముగ్గురూ అక్కడే ఉన్నారు.

"మంచి తెలుగంటే ఏంది సార్? అది చెప్తే నేను దిద్దుకుంట" అంది.

వెంకటసుబ్బారావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూడమ్మా, నా సర్వీసంతా ఇలాంటి రూల్సు రాయడంలోనే గడిచింది. రూలు స్పష్టంగా ఉంటే ఎవడికి వాడే చదువుకుని పాటించేస్తాడు. ఇక ఆఫీసరెందుకు, కమిటీ ఎందుకు?"

కాత్యాయని గారు కొంచెం జాలిపడ్డారు. "కథ బాగానే ఉందమ్మా. ఆ బర్రె ఒక్కటే చెవికి ముతకగా తగుల్తోంది. మహిషి అని చూడు, ఎంత నిండుగా ఉంటుందో."

"మా అమ్మ దాన్ని అట్ల పిలిస్తే అది వెనక్కి గూడ తిరగదు మేడం."

ఇన్నయ్య ఆ మాటకు నవ్వబోయి, అధ్యక్షులవారి మొహం చూసి దగ్గారు. భాగ్య బయల్దేరాక గేటు దాకా వచ్చి గొంతు తగ్గించారు. "బిడ్డా, ఇంట్ల మాట్లాడేది వేరే, గీడ రాసేది వేరే. నేను బ్యాంకుల చేరినప్పటి సంది రెండు నాల్కలతోని బతుకుతున్న. అలవాటైతది."

"మీకు అయ్యిందా సార్?"

మేడ మీది నుంచి పిలుపొస్తే "వస్తున్నానండీ" అంటూ ఇన్నయ్య పైకెళ్లిపోయారు.

భాగ్యకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. హాస్టల్‌కి వచ్చి, ఆ మంచి తెలుగు ఎక్కడైనా వివరించి ఉందేమోనని గ్రూపంతా వెతికింది. అన్నిటికన్నా పైన, కదలకుండా అతికించిన ఒక పోస్టు కనబడింది. పేరు 'లక్ష్య ప్రకటన'. "భాష ఏ ఒక్కరి సొత్తూ కాదు. పొలంలో పలికినా పీఠం మీద పలికినా అమ్మ నోట వచ్చిన మాటే మంచి తెలుగు" అని మొదలై, వెంకటసుబ్బారావు గారి పేరుతో ముగిసింది. దాని కింద కాత్యాయని గారు "అద్భుతం" అన్నారు, ఇన్నయ్య దండం బొమ్మ పెట్టారు.

అసలు దాన్ని యూనివర్సిటీలో అధ్యక్షులవారి సెక్షన్‌లో పనిచేసిన సుదర్శన్ రాసిపెట్టాడు. అయ్యవారు సంతకం చేశారు. సంతకం పెట్టిన కాగితాన్ని చదవడం ఆయన సర్వీసులో ఏనాడూ లేదు, ఇప్పుడు మాత్రం ఎందుకు మొదలుపెడతారు? కమిటీ పద్ధతీ దాదాపు అంతే. ముందు పేరు చూస్తారు, తర్వాత పేరాలు చూస్తారు.

భాగ్య ఆ లక్ష్య ప్రకటనను ఉన్నదున్నట్టు ఎత్తి, ఆఖరి పేరు తీసేసి, తన పేరు పెట్టి పంపింది.

సాయంత్రానికి జవాబొచ్చింది. "ఏది మంచి తెలుగో చెప్పకుండా అన్నీ మంచి తెలుగే అనడం బాధ్యతారాహిత్యం. భాషపై పట్టు లేదు. వేదిక ఆశయాలకు పూర్తిగా విరుద్ధమైనందున తిరస్కరించడమైనది." ముగ్గురి పేర్లూ ఉన్నాయి.

ఆదివారం సభకు లింగమ్మ ఇస్త్రీ చీరతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఒక్కొక్కరే చదువుతున్నారు, శాలువాలు కప్పించుకుంటున్నారు. వెంకటసాయి పార్టీ పోస్టు కూడా అయిపోయింది. ప్రతి పేరుకూ లింగమ్మ కూతురి వైపు చూస్తోంది. ఆ చూపు తట్టుకోలేక భాగ్య లేచి నిలబడింది.

"సార్, నా ఆఖరి పోస్టుల తప్పులేందో నలుగురి ముందు చెప్తే నేర్చుకుంట."

వెంకటసుబ్బారావు గారికి ఇంతకన్నా కావలసిందేముంది. ఫోను తీసి, తిరస్కరించిన పోస్టు చదవడం మొదలుపెట్టారు. ప్రతి వాక్యం దగ్గరా ఆగి, ఇదిగో ఇక్కడ గాంభీర్యం లేదు, ఇక్కడ పొందిక లేదు, ఇది వట్టి ఉపన్యాస ధోరణి అంటూ పొల్లు పోకుండా ఉతికి ఆరేశారు. సభ తలలూపింది.

"అది గ్రూపు మొదట్ల ఉన్న లక్ష్య ప్రకటన సార్" అంది భాగ్య. "కింద మీ పేరున్నది."

హాల్లో అందరూ ఫోన్లు తీశారు. పైకి జరిపి చూశారు. కాత్యాయని గారు ఉప్మా ఎంతవరకూ వచ్చిందో కనుక్కోవడానికి లేచారు. ఇన్నయ్య నేల చూపులు చూశారు. అధ్యక్షులవారు మాత్రం మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుని, ఎప్పటిలా నిదానంగా మాట్లాడారు.

"నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే. రాసిందెవరో సరిగా తెలియకపోతే అది మంచి తెలుగో కాదో ఎవరు మాత్రం ఎలా చెప్పగలరు? ఇకమీదట కమిటీని ఇలా తప్పుదోవ పట్టించకుండా ఒక సవరణ తెద్దాం. రచన గుణం రచయిత పేరు నిర్ధారణ అయిన పిమ్మటే నిర్ణయించవలెను."

సభ చప్పట్లు కొట్టింది. సవరణ ఏకగ్రీవమైంది.

ఉప్మా వరసలో లింగమ్మ కూతుర్ని పట్టుకుంది. "ఏంది బిడ్డా, మన బర్రె ముచ్చట సదవకపోతివి?"

"టైము చాలలేదమ్మా" అంది భాగ్య. అంతకన్నా పెద్ద అబద్ధం ఆమె జన్మలో ఆడలేదు.

"పోనీ తియ్యి, నేనే చెప్తా" అని లింగమ్మ ప్లేటు పట్టుకునే మొదలుపెట్టింది. కాగితాల దగ్గరికొచ్చేసరికి చుట్టూ జనం పోగయ్యారు. చెంబు దగ్గరికొచ్చేసరికి అందరికన్నా గట్టిగా నవ్వింది ఇన్నయ్యే. "మా ఇంటి ఓనరు గూడ గిట్లనే ఉండె అక్కా" అనేసి, చటుక్కున నోరు మూసుకున్నారు. కాత్యాయని గారు కూడా నవ్వుతూనే ఫోను ఎత్తి పట్టుకుని అంతా రికార్డు చేసుకున్నారు. భాగ్యకు మనసు కొంచెం కుదుటపడింది. ఆ రాత్రి పోస్టును మళ్లీ పంపింది.

మర్నాడు జవాబొచ్చింది. "ఇదే వస్తువుపై శ్రీమతి కాత్యాయని గారి రచన ఇప్పటికే ప్రచురితమై ఉన్నందున మీది పునరుక్తి. ఇతరుల రచనల నుంచి స్ఫూర్తి పొందేటప్పుడు జాగ్రత్త వహించవలెను."

కాత్యాయని గారి రచన పేరు 'మహిషి నగర ప్రవేశం'. అందులో డీసీఎం శకటమైంది, ట్రాఫిక్ పోలీసు రక్షకభటుడయ్యాడు. చెంబు పట్టుకుని వచ్చిన ఓనరు మొత్తానికే లేడు. కింద అధ్యక్షులవారు "మట్టి పరిమళం" అని రాశారు. వచ్చే నెల శాలువా కూడా ఖాయమైంది.

భాగ్య మల్కాజ్‌గిరి వెళ్లి, మహిషి అంటే బర్రేనని చెప్పి, ఆ పోస్టును అమ్మకు మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించింది. కోపమొస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. లింగమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ శ్రద్ధగా వింది.

"మంచిగున్నది బిడ్డా" అంది అంతా అయ్యాక. "ఎవలదట ఆ బర్రె?"