కుర్చీగారి అనుమతితో వెనక బ్రేకులు

మా స్లాగ్‌మాంట్ పురంలో బండి నడపడానికి ఒక్క లైసెన్సు చాలు. అదే బండి ఆగాలంటే మూడు అనుమతులు కావాలి. ఒకటి పురపాలక సంఘానిది, రెండోది వీధిది, మూడోది కుర్చీది. మొదటి రెండూ దొరక్కపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. మూడోది దొరక్కపోతే ఊరు విడిచిపోవడమే మర్యాద.

మొనాంగహీలా నది ఒడ్డు నుంచి నిట్టనిలువుగా లేచిన కొండ మీద ఉంటుంది మా కోబాల్ట్ వీధి. (నిట్టనిలువు అన్నది పాత సర్వేలోని మాట. కొత్త సర్వేకి వచ్చినాయన సగం దూరం ఎక్కి, రొప్పుతూ పాత సర్వే మీదే సంతకం పెట్టి దిగిపోయాడు.) ఈ కొండ ఎక్కే బస్సును పోయినేడు సంఘం వారు 'మరింత సమర్థం' చేశారు, అంటే తీసేశారు. అప్పటినుంచి అది ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు.

ఈ కథ డెనిస్ హ్రివ్‌నాక్‌ది. నది మీద బొగ్గు పడవలను లాగే టగ్గు బోటులో పని అతనిది. పధ్నాలుగు రోజులు నీళ్ళ మీద, పధ్నాలుగు రోజులు ఇంట్లో. ఇంట్లో ఉన్నది పద్దెనిమిదేళ్ళ కూతురు టెస్ ఒక్కతే. ఆ పిల్లకు నది అవతల వృద్ధుల ఆశ్రమం వంటశాలలో ఉద్యోగం వచ్చింది. మంగళవారం తెల్లవారి అయిదింటికి చేరాలి. బస్సు ఎంత సమర్థంగా ఉందో చెప్పాను కదా, కాబట్టి సోమవారం డ్రైవింగ్ టెస్టు పాసయి తీరాలి. తప్పితే మళ్ళీ తేదీ ఏడు వారాలకు. ఆ టెస్టుకు తీసుకెళ్ళాల్సిన ఎస్‌యూవీ అద్దం మీద తనిఖీ స్టిక్కరుకేమో శనివారంతో గడువు. డెనిస్ ఆదివారం బోటెక్కాలి.

శుక్రవారం గరాజు రూడీ బండిని పైకెత్తి చూసి, టోపీ తీశాడు. మా ఊళ్ళో టోపీ తీసేది శవయాత్రకూ, వెనక బ్రేకులకూను.

"రోటర్లు బిస్కెట్లంత పలచబడ్డాయి డెనిస్. ఇక ప్యాడ్లంటావా, ఇనుమూ ఇనుమూ రాసుకుంటున్నాయి. ఇలా ఉంటే స్టిక్కరు ఇవ్వలేను."

"అయితే మార్చెయ్యి."

"మూడు వారాలదాకా ఖాళీ లేదయ్యా. నువ్వే మార్చుకుని రేపు నాలుగులోపు తీసుకురా, అంటించేస్తా. నాలుగూ ఒకటికొస్తే మాత్రం నేను బౌలింగ్‌లో పిన్నులు పడగొడుతూ ఉంటా."

డెనిస్ ఇంటికొచ్చి బ్రేకులు మార్చే వీడియో ఒకటి చూశాడు. పంతొమ్మిది నిమిషాలు. అందులో మనిషి తెల్ల చొక్కా వేసుకుని మొదలుపెట్టి, తెల్ల చొక్కాతోనే ముగించాడు. ఇలాంటి వీడియోలకు మా రాష్ట్రంలో ఇంకా శిక్ష లేదు.

సంఘం అనుమతి సంగతి ముందు చూద్దాం. 'వాహన నిలుపుదల సామర్థ్య పునరుద్ధరణ' అని ఒక దరఖాస్తు ఉంది. ముప్పై పనిదినాల్లో తేలుతుంది. ఈలోగా బ్రేకులు పాడయ్యాయని నిరూపించడానికి బండిని కొండ దిగువనున్న కార్యాలయం దాకా స్వయంగా నడుపుకుని రావాలి. (నిరూపించినవాళ్ళున్నారు. కార్యాలయం ముందు గోడ అందుకే కొత్తది.) డెనిస్ ఆ దరఖాస్తు జోలికి పోలేదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ కాలపు బండ్లకు పార్కింగ్ బ్రేకు మీట నొక్కితే మోటారుతో పట్టుకుంటుంది. వెనక ప్యాడ్లు మార్చాలంటే ముందు ఆ మోటారుకు సెలవిచ్చి, పట్టు వదిలించాలి. అంటే మా కొండ మీద బండిని కదలకుండా పట్టి ఉంచేది ఏదో, దాన్నే మొదట వదిలేయాలన్నమాట. కాబట్టి చదునైన నేల కావాలి. కోబాల్ట్ వీధి మొత్తంలో చదునుగా ఉన్నది ఒకే ఒక్క బండి పట్టేంత చోటు. అది ఆల్బీనా డ్రాగ్నిచ్ గారి ఇంటి ముందుంది. అందులో కుర్చీ ఉంది.

కుర్చీ అంటే వంటింట్లో ఉండే మామూలు కుర్చీయే. ఇనప కాళ్ళు, చిరిగిన పసుప్పచ్చ సీటు. వీధిలో ఖాళీ జాగాలో కుర్చీ వేస్తే ఆ జాగా ఆ ఇంటివారిది. చట్టంలో లేదు కాబట్టి ఇంతవరకూ దీన్ని ఎవరూ ఉల్లంఘించలేదు. ఆల్బీనా గారి భర్త స్టేవో పోయి పదకొండేళ్ళు. ఆయన కారు అమ్మేసి పదేళ్ళు. ఆవిడకు డ్రైవింగ్ రాదు. కుర్చీ మాత్రం వానకూ మంచుకూ అక్కడే ఉంది. ఆ జాగాలో బండి పెడదామన్న ఆలోచన కూడా ఇంతవరకు ఎవరికీ రాలేదు. ఒకసారి మంటలార్పే బండి వచ్చి, కుర్చీని చూసి, పక్కవీధి నుంచి గొట్టం లాక్కొచ్చింది.

శనివారం పొద్దున్నే డెనిస్ స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని ఆవిడ తలుపు తట్టాడు.

"డ్రాగ్నిచ్ గారూ, ఒక మాట. ఆ జాగా... ఒక్కపూట..."

ఆవిడ అతణ్ణి పైనుంచి కిందికి చూసింది. "ఏమిట్రా అబ్బాయ్, పెళ్ళికొడుకులా తయారయ్యావ్? ఎంతసేపు పని?"

"గంటన్నర."

"వీడియో ఎంతుంది?"

"పంతొమ్మిది నిమిషాలు."

"అయితే ఆరుగంటలు. సరే పెట్టుకో. కుర్చీ మాత్రం జాగాలోంచి బయటికి పోవడానికి వీల్లేదు."

"బండీ కుర్చీ రెండూ పట్టవండీ."

"నేనందులో కూర్చుంటాను. పట్టకపోతే పట్టేలా పెట్టు."

అలా బండి వెనక బంపరుకు రెండడుగుల దూరంలో, ఒళ్ళో హలుష్కీ (క్యాబేజీ, నూడుల్స్ వేపుడు) గిన్నెతో డెబ్భైతొమ్మిదేళ్ళ ఆల్బీనా గారు ఆసీనులయ్యారు. తొమ్మిదింటికల్లా వీధి సలహా సంఘం కూడా సమావేశమైంది. చేతిలో బీరు సీసా, రెండో చెయ్యి జేబులో, ఇదీ సభ్యత్వానికి అర్హత. నేను పన్నెండేళ్ళుగా కార్యదర్శిని. ఇంతవరకు ఒక్క బోల్టు ముట్టుకోలేదు, అందుకే పదవి నిలిచింది.

ముందు టెస్ స్టీరింగ్ దగ్గర కూర్చుని మోటారుకు సెలవిచ్చింది. తాళం తిప్పి, ఇంజను వెయ్యకుండా, కుడికాలితో ఒక పెడలు తొక్కిపట్టి, ఎడంచేత్తో మీట లాగిపట్టి, తాళం ఆపి, అయిదు లెక్కపెట్టేలోగా మళ్ళీ తిప్పాలి. నాలుగోసారికి వెనకనుంచి కుయ్యిమని శబ్దం వచ్చింది. సలహా సంఘం చప్పట్లు కొట్టింది. ముందు చక్రాలకు అడ్డంగా దుంగలు పెట్టి, జాకీతో లేపి, కింద స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలు రెండూ ఊడదీశారు. ప్యాడ్లను పట్టుకునే క్యాలిపర్ విప్పి తీగతో పైకి కట్టారు. అప్పటికి పదిన్నర. వీడియోలో ఇది మూడో నిమిషం.

రోటర్ రాలేదు.

మా ఊళ్ళో చలికాలం అయిదు నెలలు రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు రోడ్డును కాపాడుతుంది, బండ్లను తింటుంది. చక్రం వెనక ఇనప పళ్ళెంలా ఉండే ఆ రోటర్ తుప్పు పట్టి, ఇరుసుకు పుట్టుకతో అంటుకున్నట్టు కూర్చుంది. డెనిస్ సుత్తితో కొట్టాడు. ఇంకా పెద్ద సుత్తితో కొట్టాడు. కొండ మీది కుక్కలన్నీ మొరిగాయి. సలహా సంఘం నూనె పోయమంది, మంట పెట్టమంది, తాగే కోకు పోయమంది. (కోకు తీర్మానం నాదే.) పన్నెండయ్యింది.

"నాన్నా, ఇంక నాలుగ్గంటలే ఉంది," అంది టెస్. సుత్తి తనే అందుకుని మా వైపు చూసింది. నాకు సిగ్గేసి సీసా కింద పెట్టాను, కాసేపే.

ఆల్బీనా గారు హలుష్కీ నములుతూ, "ఆ రోటరు ముఖం మీద రెండు బెజ్జాలున్నాయి చూశావా?" అన్నారు.

డెనిస్ చూశాడు. "ఉన్నాయండీ."

"అవి అందానికి పెట్టారనుకున్నావా? బోల్టు ఎక్కే మర ఉంటుంది లోపల. సరిపోయే బోల్టులు రెండు తెచ్చి, దీన్నో చుట్టు, దాన్నో చుట్టు బిగిస్తూ పో. అదే బయటికి తోసుకొస్తుంది. నలభయ్యేళ్ళు మా ఆయనకు పనిముట్లు అందించానురా, స్టీరింగ్ ఒక్కటే నా చేతికివ్వలేదు మహానుభావుడు!"

టెస్ బోల్టులు బిగించింది. అయిదో చుట్టుకు టప్పుమని రోటరు ఊడి డెనిస్ ఒళ్ళో పడింది. వీధి వీధంతా కేకలు పెట్టింది. ఇద్దరు సభ్యులు కావలించుకున్నారు. వాళ్ళు ఆరేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు.

సరిగ్గా అప్పుడు వచ్చాడు మెర్ల్ ఓస్ట్రాండర్, పురపాలక వీధి సౌష్ఠవ పర్యవేక్షణాధికారి, చేతిలో టేపుతో. బండికి చక్రాలున్నాయో లేవో ముందు టేపుతో కొలిచాడు.

"పధ్నాలుగో నిబంధన, గ భాగం. బహిరంగ వీధిలో చక్రాలు లేని వాహనం దిక్కులేని వస్తువు. గంటలో లారీ వచ్చి ఎత్తుకుపోతుంది."

డెనిస్ బండి పక్కనుంచి లేచి వచ్చాడు. "అయ్యా, రెండు గంటలివ్వండి. పిల్ల ఉద్యోగం పోతుంది."

"నిబంధనకు పిల్లలు లేరండీ."

ఆల్బీనా గారు చెంచా పక్కన పెట్టారు. "మెర్లూ, ఒక్కటడుగుతా. ఇది బహిరంగ వీధేనా?"

"వీధి కాక మరేమిటండీ?"

"అంటే ఈ జాగా అందరిదీ. నా కుర్చీ ఇక్కడుండటం తప్పు."

మెర్ల్ కుర్చీ వైపు టేపు చాపి, మళ్ళీ చుట్టేశాడు.

"మరి మిల్ వీధిలో మీ అమ్మ ఇంటిముందు నీలం కుర్చీ ఉంది కదా? అదీ తప్పేనా? పద, ముందు దాన్ని ఎత్తించు. నేనూ వస్తా చూడ్డానికి. మీ అమ్మ ఇంట్లోనే ఉందిగా ఇవాళ?"

మెర్ల్ నుదురు తుడుచుకున్నాడు. పధ్నాలుగేళ్ళ ఉద్యోగంలో అతనికి భయమంటే ఒక్కటే, అది మిల్ వీధిలో ఉంటుంది. బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి పుస్తకం తీసి, తడుముకోకుండా రాశాడు: 'సదరు జాగా వీధి కాదు, కుర్చీ ఆవరణ. కుర్చీ అధ్యక్షతన మరమ్మతు జరుగుచున్నది. అభ్యంతరం లేదు.' కింద ముద్ర కొట్టి, ఒక నకలు కుర్చీకి అంటించి, హలుష్కీ కొంచెం పెట్టించుకుని తిని వెళ్ళాడు.

ఆపైన పని పరుగెత్తింది. రెండో రోటరు కూడా అదే ఉపాయంతో ఊడింది. ఇరుసు మీద తుప్పు గీకారు, కొత్త రోటర్ల మీది నూనె తుడిచారు, పిస్టన్లను వెనక్కి నొక్కి, ప్యాడ్లు సరిగ్గా తిప్పి పెట్టారు. (మొదటిసారి తిరగేసి పెట్టాడు డెనిస్. కుర్చీ దగ్గింది.) చక్రాలెక్కించి, మోటారును సెలవు నుంచి పిలిపించి, కదిలేముందు టెస్ బ్రేకు పెడలు గట్టిపడేదాకా తొక్కింది. మూడూ యాభై ఎనిమిదికి రూడీ స్టిక్కరు అంటించాడు, బౌలింగ్ బూట్లు తొడుక్కునే. ఆ సాయంత్రం డెనిస్ వీధి మధ్యలో నిలబడి ఏడ్చాడు, నవ్వుతూనే. మేమూ నవ్వాం. పన్నెండేళ్ళలో సలహా సంఘం పర్యవేక్షణలో పూర్తయిన మొట్టమొదటి పని అది.

సోమవారం టెస్టుకు నేనే వెంట వెళ్ళాను. డెనిస్ అప్పటికి నది మీదున్నాడు. మా రాష్ట్రంలో టెస్టు పార్కింగుతోనే మొదలవుతుంది. హద్దుల మధ్య ఖాళీ చోటులో బండిని వెనక్కి దూర్చి నిలపాలి. టెస్ దాన్ని వందసార్లు సాధన చేసింది. ఆరోజు మాత్రం హద్దులుగా పెట్టే నారింజ రంగు కోన్లు వార్షిక తనిఖీకి వెళ్ళాయి. వాటి బదులు అధికారులు నాలుగు మూలలా నాలుగు కుర్చీలు వేశారు.

టెస్ బండి మెల్లగా వచ్చి ఆగింది. ఎంత చక్కగా ఆగిందని! నీళ్ళ గ్లాసు పెట్టినా తొణికేది కాదు.

"పెట్టమ్మా అందులో," అంది పక్కన కూర్చున్న పరీక్షాధికారిణి. ఆవిడది చదునునేల ఊరు.

"ఎవరిదండీ అది?"

"ఏది?"

"ఆ చోటు."

"ఎవరిదీ కాదు. పెట్టు."

"కుర్చీలున్నాయి కదండీ."

"ఉంటే?"

"నాలుగున్నాయండీ!" అంది టెస్. కంచె అవతల నిలబడ్డ నాకు దాని గొంతు వినిపించింది. "కనీసం ఒకసారి తలుపు తట్టి అడిగొస్తానండీ. ఏ ఇల్లో చెప్పండి."

ఒట్టు, నేనైనా పెట్టేవాణ్ణి కాదు. ఫారంలో ఇలా రాశారు: 'బ్రేకులు: అత్యుత్తమం. పార్కింగ్: అభ్యర్థి మర్యాదపూర్వకంగా నిరాకరించారు.' తిరిగి తేదీ ఏడు వారాలకు.

డెనిస్ బోటు నుంచి ఫోన్ చేశాడు. "పోయిందా? బ్రేకుల వల్లేనా తల్లీ?"

"కాదు నాన్నా. బ్రేకులు చాలా బాగున్నాయి."

ఆల్బీనా గారు కుర్చీని ఇంటి గోడవారకు జరిపి, బండిని తన చదును చోటులోనే ఉంచుకోమన్నారు. పదేళ్ళలో కుర్చీ ఆ జాగా దాటడం అదే మొదలు. సలహా సంఘం అత్యవసరంగా సమావేశమై, లైసెన్సులున్న తొమ్మిదిమంది సభ్యులమూ ఏకగ్రీవంగా సానుభూతి తీర్మానించాం. తెల్లవారి నాలుగున్నరకు లేచి ఆ పిల్లను ఎవరు దింపాలన్న అంశం కార్యక్రమంలో లేదు కనుక చర్చకు రాలేదు.

టెస్ మంగళవారం నుంచి రెండువందల పధ్నాలుగు మెట్లు దిగి, వంతెన దాటి, నడిచి పనికి వెళ్తోంది. బండికి వేసిన బ్రేకుల గురించి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు: పది రోజులైంది, అంగుళం కదల్లేదు.