బ్రేకు మాస్టారి ఆయాసం

వీధిలో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనే అంటారు. కారు నేర్పే బడిలో ఆయన ఉద్యోగం అలాంటిది. నేర్చుకునేవాళ్ళు స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతుంటే, ఆయన పక్క సీట్లో తాపీగా కూర్చుని, తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు మీద కుడికాలు ఆన్చి ఉంచుతాడు. నడిపేది తామేనని వాళ్ళు అనుకోవాలి, ఆపేది మాత్రం ఆయన. ఈ కిటుకుతో ఊళ్ళో సగంమందికి లైసెన్సులు ఇప్పించాడు. ఇంట్లో మాత్రం అది పనిచేసిన దాఖలా లేదు.

ఆయన భార్యకి రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది, రేడియేషన్ అని కరెంటు పెట్టడం కూడా అయింది. జుట్టు పొట్టిగా మళ్ళీ మొలిచింది. అలసట మాత్రం మంచం పక్కనే తిష్ట వేసుక్కూర్చుంది. ఆ పొట్టి జుట్టు దువ్వుకున్నా సరే, ఆవిడ వెంటనే నడుం వాల్చాల్సిందే. నిద్రపోయి లేస్తే ఒళ్ళు ఇంకా బరువయ్యేది. మళ్ళీ తిరగబెట్టిందేమో అన్న మాట ఇద్దరి నోటిదాకా వచ్చేది, ఇద్దరూ దాన్ని మింగేసేవారు.

"పరీక్షలన్నీ బాగున్నాయి. ఇంత వైద్యం తర్వాత ఈ అలసట మామూలే" అంది డాక్టరమ్మ. "అస్తమానం పడుకుంటే ఇంకా పెరుగుతుంది. రోజూ కాస్త నడిపించండి. అలిసినప్పుడు ఆపండి. పక్కన తోడుండండి."

"ఆపడం సంగతి నాకు వదిలెయ్యండి" అన్నాడు మాస్టారు.

చిక్కల్లా బండి కదలడం దగ్గరే వచ్చింది.

"వీధి చివరిదాకా వెళ్ళొద్దామా?"

"మీరు వెళ్ళిరండి."

"నువ్వు కదా రావాల్సింది."

"వచ్చాననుకోండి."

"కాస్త గాలి తగులుతుంది."

"కిటికీ తెరవండి."

ఆవిడ తన కోసం లేవదు, ఇంకొకరికి కష్టమంటే కూర్చోలేదు. ఇన్నేళ్ళ కాపురంలో మాస్టారు నేర్చుకున్న పాఠం ఇదొక్కటే. అందుకని ఒక సాయంత్రం గుండె మీద చెయ్యేసుకుని వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"మెట్లెక్కితే ఆయాసం వస్తోందోయ్. రోజూ నడవమన్నాడు డాక్టరు. ఒంటరిగా మాత్రం వద్దన్నాడు."

"ఏ డాక్టరు?"

"ఉన్నాడులే ఒకాయన."

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తలకి స్కార్ఫు కట్టుకుని, చెప్పులెక్కడని అడిగింది.

నడకలో మాస్టారి నటన చూసి తీరాలి. ఆవిడ ఊపిరి బరువైందంటే చాలు, ఈయన "అబ్బ, నావల్ల కాదు" అని దగ్గర్లో ఉన్న గోడ మీద చతికిలబడేవాడు. "పాపం, కూర్చోండి" అని ఆవిడా పక్కన కూర్చునేది. మొదట్లో పక్కింటి గేటు దాటడమే గొప్పగా ఉండేది. పోనుపోను మందుల షాపు దాటి, పిల్లల బడి దగ్గరి పిట్టగోడ దాకా వెళ్ళసాగారు. ఒకరోజు ఆవిడ తల దువ్వుకుని, నడుం వాల్చకుండానే వంటింట్లోకి వెళ్ళింది. మాస్టారు ఆ దువ్వెన చేతిలోకి తీసుకుని నిలబడిపోయాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

అయితే నటన మరీ బాగా కుదిరింది. ఎదురింట్లో పొద్దస్తమానం కిటికీ దగ్గరే కూర్చునే బామ్మగారు చూడనే చూశారు. మధ్యాహ్నానికి మాస్టారికి గుండెపోటు వచ్చిందన్నారు, సాయంత్రానికి అది రెండోదన్నారు. కారు బడి యజమాని కంగారుపడ్డాడు. "గుండె బాగోలేని మనిషి కాలికింద బ్రేకు ఉంచలేను మాస్టారూ" అని ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మాస్టారు బెత్తం పుచ్చుకుని, ఖాళీ కుర్చీలకి రోడ్డు గుర్తులు నేర్పసాగాడు. నిజం చెబుదామంటే, అది బామ్మగారి కిటికీ గుండా ఇంట్లో భార్యకి చేరుతుంది.

ఇంతలో ఆవిడ అక్కగారు దిగింది. గోడకి సున్నం వెయ్యాలన్నా ఇద్దరు మేస్త్రీలని అడిగే మనిషి కనక, మాస్టారు ఆవిడకి రెండో అభిప్రాయం వదిన అని పేరు పెట్టుకున్నాడు.

"మరిదిగారూ, చెల్లెలి గురించి ఏడవడానికే నాకు కన్నీళ్ళు చాలట్లేదు. మధ్యలో మీరొకరా?" అని ఆయన్ని గుండె ఆసుపత్రికి లాక్కుపోయింది. భార్య కూడా వెంట వెళ్ళింది.

అక్కడ చొక్కా విప్పించి, ఛాతీ నిండా వైర్లు అంటించి, ట్రెడ్‌మిల్ పట్టా ఎక్కించారు. ఎదురుగా కుర్చీలో భార్య. పట్టా జోరు పెరిగేసరికి మాస్టారి కుడికాలు అలవాటు కొద్దీ బ్రేకు వెతుక్కుంది.

"కాలితో నొక్కితే ఇది ఆగదండీ" అంది నర్సు.

"గుండె భేషుగ్గా ఉంది. ఆయాసమని ఎవరన్నారు?" అన్నాడు అక్కడి డాక్టరు. వదిన నమ్మలేదు, ఇంకో డాక్టరుని వెతకడానికి బయటికి నడిచింది.

మాస్టారు తలెత్తకుండా అడిగాడు. "నీకెప్పుడు తెలిసింది?"

"మొదటిరోజే. నా అడుగు తడబడినప్పుడల్లా మీ కుడికాలు నేలని నొక్కేది. ఆయాసం ఆ తర్వాత వచ్చేది."

"మరెందుకు వచ్చావు?"

ఆవిడ కొంగుతో ఆయన ఛాతీ మీది జిగురు తుడిచింది. "నేను పడుకుంటే మీరు గుమ్మంలో నిలబడి నా ఊపిరి చూస్తుండేవారు. అన్నం కూడా అక్కడే నిలబడి తినేవారు. నేను లేస్తే తప్ప మీరు ఆ గుమ్మం వదిలేలా లేరు. మిమ్మల్ని బయటికి తీసుకెళ్దామనే వచ్చాను."

ఇన్నాళ్ళూ పక్క సీట్లో కూర్చున్నదెవరో మాస్టారికి అప్పుడు తెలిసింది.

"అలసట తగ్గిందా?"

"కొన్ని రోజులు తగ్గుతోంది, కొన్ని రోజులు తగ్గట్లేదు. మళ్ళీ తిరగబెట్టిందేమోనని భయంగా ఉంటుంది. మీకూ ఉంది కదా?"

"ఉంది" అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాట బయటపడ్డాక, చొక్కా మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ వారించలేదు. తనూ ఏడ్చింది.

తిరిగి వస్తూ ఆటోని వీధి మొదట్లోనే ఆపించి దిగారు. వదిన ముందు నడిచింది. పిట్టగోడ దగ్గర భార్య ఆగింది. మాస్టారి చెయ్యి గుండె మీదికి వెళ్ళబోయింది.

"అక్కర్లేదు. ఇవాళ అలిసింది నేను" అంది.

ఇద్దరూ కూర్చున్నారు. ఆయన కుడికాలు నేలని అదిమిపెట్టే ఉంది. ఆవిడ చెప్పు విడిచి, తన పాదం దానిమీద పెట్టింది. "దీన్ని కాసేపు ఊరుకోనివ్వండి."

బామ్మగారు అటుగా వస్తూ పలకరించారు. "మాస్టారికి ఎలా ఉందమ్మా?"

"నయమవుతుంది బామ్మగారూ, కాస్త టైము పడుతుంది" అంది ఆవిడ. "రోజూ నేనే నడిపించాలి."

మాస్టారు బుద్ధిగా తలూపాడు.