ఆరు బోర్లు, ఏడు ఏనుగులు

వంద రోజులు గడిచేసరికి మా నియోజకవర్గంలో గుణకారం లెక్క రాని పిల్లలు ఒక్కరు కూడా కనిపించరని మా ఎమ్మెల్యే గోపీనాథ్ గారు ప్రకటించారు. ఎవరైనా కనిపిస్తే నేరుగా తనకే ఫోన్ చేయమని నంబరు కూడా ఇచ్చారు. ఆ నంబరు ఇప్పటికీ స్విచాఫ్‌లోనే ఉంది. అయినా నంబరు ఇవ్వడానికి కూడా ఒక మనసు ఉండాలి.

ప్రకటన మార్కెట్ యార్డులో జరిగింది. దానికోసం ఉల్లిగడ్డల వేలం రెండు గంటలు ఆపించారు.

"మన పిల్లోళ్లకు ఎక్కాలు వస్తాయి. ఏడెనిమిదులు ఎంతరా అంటే యాభై ఆరు అంటారు. అదే లెక్కను మాటల్లో చెప్పి, పెట్టెకు ఏడు లడ్లు, ఎనిమిది పెట్టెలు అంటే మాత్రం నోరు తెరుస్తారు. ఏ అంగడివి సార్ అంటారు. ఈ అవమానం నేను ఓర్చుకోలేను" అన్నారాయన. ఏడో తరగతిలోనే బడి మానేసి ప్రజాసేవలోకి దిగిన మనిషికి చదువు మీద ఇంత బాధ ఉంటుందని మేమెవ్వరం అనుకోలేదు. ఉల్లిగడ్డల రైతులు కూడా చప్పట్లు కొట్టారు. కొడితే త్వరగా వేలం మొదలవుతుందని వాళ్లకు ఎవరో చెప్పారట.

కార్యక్రమం పేరు 'గుణకార గర్జన'. ఊరూరా పోస్టర్లు పడ్డాయి. నమస్కారం పెడుతున్న గోపీనాథ్ గారు, ఆయన వెనక పెద్ద ఇంటూ గుర్తు. కొందరు అది చూసి, పార్టీ వాళ్లే అన్నను కొట్టేశారనుకున్నారు. రెండో దఫా పోస్టర్లలో ఇంటూ చిన్నదైంది, అన్న పెద్దయ్యారు.

నేను నేరడహాళు ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం వండుతాను. తొమ్మిదేళ్లుగా అదే పని. ఒకటి నుంచి ఐదు దాకా ముప్పై ఎనిమిది మంది పిల్లలు, అందరికీ కలిపి ఒక్కరే టీచరు, శివకుమారి మేడమ్. నా వంటగది కిటికీ సరిగ్గా నల్లబోర్డుకు ఎదురుగా ఉంటుంది. కాబట్టి గర్జన మొత్తాన్ని పప్పు కలుపుతూ కళ్లారా చూసే భాగ్యం నాకు దక్కింది.

గర్జనకు ఒక షరతు ఉంది. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు పరీక్ష పెడతారు. నూటికి తొంభై మంది పాసైన బడి ఆ ఊళ్లోనే ఉంటుంది. తక్కువైతే ఆ మూడు తరగతులనూ హైవే పక్కన కొత్తగా కట్టిన ఆదర్శ పాఠశాలలో కలిపేస్తారు. అది మా ఊరికి ఐదు కిలోమీటర్లు. మా బడిలో ఆ మూడు తరగతులకూ కలిపి ఇరవైరెండు మంది.

ఈ షరతు విన్న సాయంత్రమే ఈరప్ప వంటగది దగ్గరికి వచ్చాడు. అతని కూతురు మహాదేవి నాలుగో తరగతి. దీపావళి పోతే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు పక్కకు పత్తికి, మిరపకాయలకు కూలికి పోయి, ఉగాదికి తిరిగొస్తారు. దాన్ని మేం సుగ్గి అంటాం. ఈరప్పా, అతని పెండ్లామూ ఏటా పోతారు. మహాదేవి మాత్రం అవ్వ దగ్గర ఉండి చదువుకుంటుంది.

"లక్ష్మక్కా, బడి ఈడుంటే పాపను అవ్వ కాడ ఇడిసిపెట్టి పోతా. ఐదు కిలోమీటర్లంటే ఆ ముసలామె యాడ పిల్చుకపోతాది? బడి పోతే పాపను కూడా సుగ్గికి తోడ్కపోవాల్సిందే."

"పాపకు లెక్కలు బాగా వస్తాయి కదప్పా."

"అదే కదక్కా నా బాధ. మిరపకాయలు తెంపేదానికి లెక్కలు యాల?"

మహాదేవి అక్కడే అంట్ల తొట్టి దగ్గర నిలబడి వింటోంది. ఆ పిల్ల సంగతి చెప్పాలి. రోజూ హాజరు పలికిన వెంటనే పరుగెత్తుకొచ్చి నాకు బియ్యం లెక్క చెప్పేది. "ముప్పై ఎనిమిది మంది, మనిషికి నూరు గ్రాములు. మూడు కిలోల ఎనిమిది నూర్లక్కా. అయితే ఈ పొద్దు సంత, తిండి యాళకు ఎనిమిది మంది ఉండరు. ముప్పై మందికే ఎయ్యి." నేను అంతే వేసేదాన్ని. ఒక్క మెతుకు మిగిలేది కాదు.

వారం తిరక్కుండానే గుణకార ప్రత్యేకాధికారి రంగనాథ్ గారు వచ్చారు. అంతకుముందు ఆయన దోమల ప్రత్యేకాధికారి. ఆ పనిలో చాలా పేరు తెచ్చుకున్నారు, దోమలు కూడా ఉన్నాయి. ఆయన చేతిలో 'మన ప్రగతి - మన లెక్కలు' అనే పుస్తకం ఉంది. అందులోని లెక్కలన్నీ మన ప్రాంతం అభివృద్ధి మీదే ఉంటాయట. ఒకేసారి రెండు పనులవుతాయని గోపీనాథ్ గారి ఆలోచన.

రంగనాథ్ గారు మొదటి లెక్క చదివారు. "ఒక బోరు నుంచి రోజుకు నలభై బిందెల నీళ్లు వస్తాయి. రైతు ఆరు బోర్లు వేయించాడు. మొత్తం ఎన్ని బిందెలు?"

మహాదేవి చెయ్యెత్తింది. "నలభై సార్."

"నలభై ఆర్లు ఎంతమ్మా?"

"రెండునూర్ల నలభై సార్."

"మరి?"

"ఆరు బోర్లు ఏస్తే ఒకదాండ్లోనే కదా సార్ నీళ్లు పడేది. మా పెదనాయన ఏడు ఏసినాడు. ఒకదాండ్లో కూడా పడలేదు."

తరగతి మొత్తం తలూపింది. ఇద్దరు పిల్లలు, అది కూడా ఎండాకాలంలో నలభై రావు, ఇరవై అని రాసుకోమన్నారు.

"లెక్కలో ఆరింట్లోనూ పడ్డాయమ్మా" అన్నారు రంగనాథ్ గారు.

"లెక్క రాసినాయప్ప ఎప్పుడూ బోరు ఏపిచ్చిండడు సార్" అంది మహాదేవి, ఆయన మీద జాలిగా.

శివకుమారి మేడమ్ చీర కొంగు సర్దుకున్నారు. రంగనాథ్ గారు రెండో లెక్కకు పోయారు. "ఒక ఆటోలో ముగ్గురు ప్రయాణికులు పడతారు. ఎనిమిది ఆటోల్లో ఎందరు?"

"నూటా నాలుగు" అని అందరూ ఒకేసారి అరిచారు.

"ఎట్లా?"

"ఆటోకు పదముగ్గురు సార్. ఎనిమిది పదమూళ్లు నూటా నాలుగు."

"గుణకారం కరెక్టే సార్" అన్నారు మేడమ్ మెల్లగా.

"గుణకారం కరెక్టే మేడమ్, ఆటో తప్పు. ఆన్సర్ కీలో ఇరవై నాలుగు ఉంది" అన్నారు రంగనాథ్ గారు. ఆ తర్వాత ఆయన ఆలూరులోని ఆఫీసుకు తిరిగి వెళ్లింది కూడా ఆటోలోనే. పన్నెండో మనిషిగా డ్రైవరు పక్కన ఒక తొడ మీద కూర్చున్నారు. ఆయన చేతి సంచి పదమూడో మనిషి పట్టుకున్నాడు.

రిపోర్టు పైకి పోయింది. అసలు పరీక్షకు ముందు పెట్టిన ఈ నమూనా పరీక్షలో మా బడిలో ఒక్కరూ పాస్ కాలేదు. ఇంకో ఆరూళ్లలోనూ పిల్లలు ఆరు బోర్లకు నలభై బిందెలే అన్నారట. గోపీనాథ్ గారికి కోపం వచ్చింది. ఏడూళ్ల పిల్లలు ఒకే జవాబు చెప్పారంటే దీని వెనక ప్రతిపక్షం ఉందని ప్రెస్‌మీట్ పెట్టి చెప్పారు. ప్రతిపక్ష నాయకుడు కూడా వెంటనే ప్రెస్‌మీట్ పెట్టి, అవును, మేమే ఉన్నామన్నాడు. నిజానికి ఆయన మా ఊరికి వచ్చి నాలుగేళ్లయింది.

రంగనాథ్ గారు మాత్రం రాజకీయాల జోలికి పోకుండా అసలు జబ్బు ఎక్కడుందో కనిపెట్టారు. మరుసటి వారం కొత్త సర్క్యులర్‌తో వచ్చారు. "మేడమ్, ఇకనుంచి లెక్కల్లో నీళ్లు, కరెంటు, రోడ్లు, బస్సులు, ఇళ్లు, ఉద్యోగాలు రాకూడదు. పిల్లలు కన్‌ఫ్యూజ్ అవుతున్నారు."

"కోడిగుడ్లు, సార్?"

రంగనాథ్ గారు కిటికీలోంచి నా వైపు చూశారు. "అవి కూడా వద్దులెండి."

నాకు కొంచెం రోషం వచ్చింది. కానీ పెద్దల నిర్ణయం.

"మరి దేని మీద లెక్కలు చేయించాలి?"

"పిల్లలకు అస్సలు తెలియనివి ఏమున్నాయి?"

మేడమ్ ఆలోచించారు. ఆ మధ్యాహ్నమే బోర్డు మీద కొత్త లెక్క పడింది. ఒక ఏనుగుకు నాలుగు కాళ్లు. ఏడు ఏనుగులకు ఎన్ని కాళ్లు?

"ఇరవై ఎనిమిది" అన్నారు పిల్లలు. మా ఊళ్లో ఎవ్వరూ ఏనుగును చూడలేదు. అందువల్ల ఏ ఏనుగుకు ఏ కాలు పనిచెయ్యదో ఎవ్వరికీ తెలియదు. ఒక ఓడకు ఆరు తెరచాపలు, తొమ్మిది ఓడలకు ఎన్ని? యాభై నాలుగు. ఒక కొలనులో పదకొండు హంసలు, పన్నెండు కొలనుల్లో? నూట ముప్పై రెండు. లేనివాటిని మా పిల్లలు గుణించినట్టు జిల్లాలో ఎవ్వరూ గుణించలేదని రంగనాథ్ గారే మెచ్చుకున్నారు.

పరీక్ష అక్టోబరులో జరిగింది. ఉదయం పేపరు రాశారు. ఇరవైరెండు మందీ పాస్. కానీ అది సరిపోదు. మధ్యాహ్నం గోపీనాథ్ గారు స్వయంగా వచ్చి టీవీ వాళ్ల ముందు ఒక లెక్క అడుగుతారనీ, అన్న ముందర తప్పితే పేపరు మార్కులు చెల్లవనీ రంగనాథ్ గారు చెప్పారు. బడి ముందు షామియానా వేశారు. ఊరంతా వచ్చింది. ఈరప్ప షామియానా గుంజను పట్టుకొని నిలబడ్డాడు, అది అతను వదిలితే పడిపోతుందన్నట్టు.

గోపీనాథ్ గారు రెండు గంటలు ఆలస్యంగా వచ్చారు. రంగనాథ్ గారు వినయంగా ఏనుగుల లెక్క రాసిన కాగితం అందించారు. ఆయన చదివి పక్కన పెట్టారు. "ఏనుగులు నాకు ఓటేస్తాయా ఏమప్పా? నా లెక్క నేనే అడుగుతా" అని మహాదేవిని పిలిచారు.

"పాపా, నేను మీ ఊరికి దినానికి ఐదు ట్యాంకర్లు నీళ్లు తోలిస్తాండా. నెలకు ముప్పై దినాలు. ఎన్ని ట్యాంకర్లు?"

మా ఊరికి ఆఖరి ట్యాంకరు వచ్చింది మే నెలలో. అది కూడా దారి తప్పి వచ్చింది, పక్కూరి వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఊరి ఆడవాళ్లందరూ మహాదేవి నోటి వైపే చూస్తున్నారు. మేడమ్ కళ్లు మూసుకున్నారు. ఈరప్ప గుంజను ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

మహాదేవి కెమెరాను చూసింది, వాళ్ల నాయనను చూసింది. పెదవులు కదిలాయి.

"నూటా యాభై సార్."

చప్పట్లు మారుమోగాయి. గోపీనాథ్ గారు పిల్లను ఎత్తుకున్నారు. టీవీ అమ్మాయి మైకు పెట్టి, ఇంత కష్టమైన లెక్క ఎలా చేశావమ్మా అని అడిగింది.

"ట్యాంకర్లు అనుకోలేదక్కా. దినానికి ఐదు ఏనుగులు వస్తాండాయి అనుకోని చేసినా."

అందరికంటే గట్టిగా నవ్వింది గోపీనాథ్ గారే. "మన ట్యాంకర్లు ఏనుగులంత ఉండాయంట, పాప చెప్తాంది" అన్నారు. సాయంత్రం టీవీలో అదే వచ్చింది. మా బడికి నూటికి నూరు శాతం అని మైకులోనే ప్రకటించారు. ఆ రాత్రి ఈరప్ప మా ఇంటికి వచ్చి, పాపను అవ్వ దగ్గరే వదిలిపోతున్నానని, మధ్యాహ్నం పూట కొంచెం చూసుకోమని చెప్పి పోయాడు.

దీపావళికి మూడు రోజుల ముందు ఆర్డరు వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను ఆదర్శ పాఠశాలలో కలిపారు. శివకుమారి మేడమ్ చదివింది మళ్లీ చదివారు. రంగనాథ్ గారు రాగానే అడిగారు.

"సార్, మాది తొంభై దాటింది కదా?"

"దాటినందుకే మేడమ్." రంగనాథ్ గారు కాగితం తీసి ఓపిగ్గా వివరించారు. "ఆదర్శ పాఠశాలలో ముప్పై మంది. పన్నెండు మందే పాసయ్యారు. నలభై శాతం. దాన్ని మూసేయలేం, అన్న గారి నాన్న పేరు పెట్టాం. మీ ఇరవైరెండు మందిని కలిపినా అరవై ఐదే అవుతుంది. అందుకని మీలాగే నూటికి నూరు వచ్చిన ఊళ్లు, ఇరవైరెండేసి మంది ఉన్నవి, మొత్తం ఏడు చూశాం. ఏడు ఇరవైరెండ్లు నూట యాభై నాలుగు. పన్నెండు కలిపితే నూట అరవై ఆరు. నూట ఎనభై నాలుగు మందికి నూట అరవై ఆరు. చూడండి, తొంభై దాటింది."

మేడమ్ కాగితం వెనక లెక్క చేసి చూశారు. తప్పు ఎక్కడా లేదు.

"పిల్లలు ఐదు కిలోమీటర్లు ఎట్లా పోతారు సార్?"

"అన్న గారు చూసుకుంటారు" అన్నారు రంగనాథ్ గారు.

దీపావళి పోయిన నాలుగో రోజు పిల్లలు కొత్త బడిలో చేరాలి. ఆ పొద్దున్నే సుగ్గికి కూలీలను తీసుకుపోయే మేస్త్రీ లారీ రచ్చకట్ట దగ్గర ఆగింది. ఈరప్ప మూటలు పైకి అందించాడు. మహాదేవి చక్రం మీద కాలు పెట్టి తనే ఎక్కింది. ఆ వెనక ఐదో తరగతి వాళ్లు, మూడో తరగతి వాళ్లు. సరిగ్గా అప్పుడే రంగనాథ్ గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకొని, తరలింపు కార్యక్రమాన్ని చూడడానికి వచ్చారు. లారీ నిండా పిల్లలను చూసి ఆయన ముఖం వెలిగింది.

"ఎంతమంది పిల్లలప్పా?"

"పంతొమ్మిది మంది సార్" అన్నాడు ఈరప్ప.

ఆయన రాసుకున్నారు. యాడికి పోతాండారని అడగలేదు. పిల్లలను చెయ్యి ఊపమన్నారు. ఊపారు.

మరుసటి రోజు పేపర్లో ఫొటో పెద్దదిగా పడింది. 'ఎమ్మెల్యే చొరవతో ఉచిత వాహనంలో ఆదర్శ పాఠశాలకు తరలివెళ్తున్న గుణకార విజేతలు' అని కింద రాశారు. మహాదేవి ముందు వరసలో చాలా స్పష్టంగా ఉంది. చెయ్యి గాల్లో ఉంది. పక్కన వంటసామాను, చుట్టిన బొంతలు, కాళ్లు కట్టేసిన రెండు కోళ్లు.

సాయంత్రం వాళ్ల అవ్వ ఆ పేపరు పట్టుకొని వంటగదికి వచ్చింది. ఆమెకు చదువు రాదు.

"పాప బొమ్మ ఏసినారంట. ఏం రాసినారో సదువు లక్ష్మీ."

చదివాను. ఇంకోసారి చదవమంది. ఇంకోసారి చదివాను.

"పేపర్లో ఏసినారంటే మాటలా? పెద్దోళ్లు ఇచారించుకోనే ఏసింటారు. మావాడే నాకు సరిగా చెప్పిండడు. నిన్న రాత్రి ఆ బడిలోనే పండుకోనింటాది." ముసలామె పేపరును నాలుగు మడతలు పెట్టి నడుముకు దోపుకుంది. కిటికీలోంచి ఎండ ఎక్కడిదాకా దిగిందో చూసింది. "బడి ఇడిసే పొద్దాయ. ఇద్దరికి ఎసరు పెట్టల్ల" అని గబగబా ఇంటికి పోయింది.