మనోళ్ల సీసా

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో పక్షవాతానికి ఇక ఏడాదే గడువు అని పక్షవాత నిర్మూలన మండలి చైర్మన్ శ్రీ భానుప్రకాశ్ గారు నాగర్‌కర్నూల్ సభలో ప్రకటించారు. ఆలోగా అది తనంతట తాను ఈ మూడు జిల్లాలూ ఖాళీ చేసి వెళ్లిపోవాలని, లేకుంటే ప్రభుత్వం చూస్తూ ఊరుకోదని హెచ్చరించారు. చప్పట్లు మోగాయి. పక్షవాతం తరఫున ఎవరూ ఖండించలేదు.

ఆ చప్పట్లలో అందరికన్నా ముందు మొదలైనవీ, అందరికన్నా చివర ఆగినవీ శ్రీరాములువి. పెద్దమందడి మండలంలో పార్టీ కార్యదర్శి అతను. పదహారేళ్ల అనుభవంలో ఉపన్యాసం వినకుండానే ఎక్కడ కొట్టాలో తెలిసిపోయే స్థాయికి చేరుకున్నాడు. కానీ ఆ రోజు మాత్రం విని కొట్టాడు. ఆరు వారాల కింద వాళ్లమ్మ భూలక్ష్మి జొన్న రొట్టె తడుతూ తడుతూ పిండి మీద చెయ్యి అట్లాగే ఉంచి పక్కకు ఒరిగిపోయింది. దవాఖానలో పది రోజులున్నాక మాట వచ్చింది, నడక వచ్చింది, కుడి చెయ్యి మాత్రం రాలేదు. ఆమెకు ఇప్పుడు ఒకటే కోరిక, తన రొట్టె తాను తట్టుకోవాలి. కోడలు చేసే రొట్టె గురించి ఆమె మంచిగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

ఇక చైర్మన్ గారి గురించి. మొన్నటి ఎన్నికల్లో ఆయనకు పార్టీ బీ ఫారం ఇవ్వలేదు. ఆయన అలిగారు. అలిగినవాళ్లకు ఇవ్వాల్సిన మండళ్లన్నీ అప్పటికే అలిగినవాళ్లతో నిండిపోయి ఉండడంతో ప్రభుత్వం ఆయన కోసం పక్షవాతానికి ఒకటి పెట్టింది. కేబినెట్ హోదా, సైరన్ కారు, ఇద్దరు గన్‌మెన్లు. సారుకు ఆ జబ్బుతో పూర్వ పరిచయం లేదు. అయినా పట్టుదల గల మనిషి కాబట్టి రెండు వారాల్లోనే "న్యూరాలజీ" అనే మాటను మధ్యలో ఆగకుండా పలకడం నేర్చుకున్నారు.

మండలి వచ్చింది గానీ మండలికి పని రాలేదు. పని హైదరాబాద్ నుంచి డాక్టర్ పద్మజ రూపంలో వచ్చింది. పక్షవాతంతో పడిపోయిన కాళ్లూ చేతులూ మళ్లీ కదిలేందుకు ఒక కొత్త మందు తయారైందని, అది నిజంగా పనిచేస్తుందో లేదో ఇక్కడ నూట ఇరవై మంది మీద ఏడాది పాటు పరీక్షించాలని ఆమె చెప్పింది. సగం మందికి మందు. మిగతా సగానికి చూడ్డానికి అచ్చం అట్లాగే ఉండే చక్కెర పొడి గోళీ. సీసాల మీద ఇంగ్లీషులో ఏ అనో బీ అనో ఉంటుంది. ఏది మందో తనకూ తెలియదు, రోగికీ తెలియదు. ఏడాది తర్వాతే సీలు విప్పుతారు.

"మరి ఎవరికి ఏ సీసానో ఎవరు చెప్తరు?" అని అడిగారు చైర్మన్ గారు.

"కంప్యూటర్ సార్."

"కంప్యూటర్‌కు ఎవరు చెప్తరు?"

"ఎవరూ చెప్పరు సార్."

చైర్మన్ గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరూ చెప్పకుండ గదెట్ల నిర్ణయం తీసుకుంటది మేడం? ఇరవై ఏండ్లాయె నేను రాజకీయాలల్లకొచ్చి. ఎవరూ చెప్పకుండ నేనే ఒక్క నిర్ణయం తీసుకోలే."

"అందుకే కంప్యూటర్‌ను పెట్టుకున్నాం సార్," అంది డాక్టర్ పద్మజ వినయంగా.

"అది అవతలి పార్టీదైతే కాదు గదా?"

"కాదు సార్. హైదరాబాద్‌లో ఉంటుంది."

"నా బీ ఫారం ఆగింది గూడ హైదరాబాద్‌లనే," అన్నారు చైర్మన్ గారు. ఆ తర్వాత డాక్టరమ్మకు గద్వాల చీర పెట్టి సన్మానం చేశారు. ఏ సమావేశం జరిగినా ఆమెకు ఒక గద్వాల చీర పెట్టాలన్నది మండలి చేసిన మొదటి తీర్మానం. నాకు తెలిసి అమలైన తీర్మానం కూడా అదొక్కటే.

కంప్యూటర్ తన పని తాను చేసింది. భూలక్ష్మికి బీ సీసా పడింది. అదే ఊళ్లో, అదే వీధిలో ఉండే మాసయ్యకు ఏ సీసా పడింది. మాసయ్యకు ఎడమ కాలు పడిపోయింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆయన అవతలి పార్టీకి పాతికేళ్లుగా బూత్ ఏజెంటు.

రోగులు నెలకోసారి నాగర్‌కర్నూల్ కేంద్రానికి వచ్చి చూపించుకుని సీసా తీసుకుపోతున్నారు. మూడో నెల దాటాక చైర్మన్ గారు గెస్ట్‌హౌస్‌లో కార్యకర్తలతో అంతరంగిక సమావేశం పెట్టారు. డాక్టర్లు ఏడాదికి గానీ కనుక్కోలేమన్న విషయాన్ని సారు అక్కడ ఉప్మా తింటూ కనుక్కున్నారు.

"ఏ అంటే ఏంది? ఫస్టు. ఏ గ్రేడు వడ్లు, ఏ క్లాసు కాంట్రాక్టరు. మందు తయారుజేసెటోడు ముందుగాల మందు సీసా నింపుతడు గని చక్కెర సీసా నింపుతడా? ఏ సీసాలనే మందున్నది. బీ అనే అక్షరం సంగతి నాకు విడిగ చెప్పొద్దు."

శ్రీరాములు లేచి నిలబడ్డాడు. "సారూ, మా అమ్మకు బీ పడ్డది," అన్నాడు.

"మన కార్యదర్శి తల్లికి చక్కెరనా! మరి మీ ఊళ్లె ఏ ఎవరికి పడ్డది?"

"మాసయ్యకు సారు."

ఉప్మా తింటున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"కానీ సారూ," అన్నాడు శ్రీరాములు, నిజం దాచడం ఇంకా పూర్తిగా అలవాటు కానివాడు కాబట్టి, "అమ్మకు రెండు వేళ్లు కదుల్తున్నయి. మొన్న పిండి ముద్ద గూడ పట్టుకున్నది."

"చక్కెరకే రెండు వేళ్లు కదిలినయంటే, మందు పడితె చెయ్యే లేస్తది!" అన్నారు సారు.

శ్రీరాములుకు కళ్లనీళ్లు తిరిగాయి. తన తల్లి చెయ్యి గురించి ఇంత లోతుగా ఆలోచించిన నాయకుడు ఇంకొకరు లేరని అతనికి నిజంగానే అనిపించింది.

మరుసటి నెల నుంచి కేంద్రం గేటు బయట ఒక షామియానా, ఒక బల్ల, లబ్ధిదారుల సమన్వయ కమిటీ అని ఒక ఫ్లెక్సీ వెలిశాయి. లోపల డాక్టర్లు కంప్యూటర్ లిస్టు ప్రకారం సీసాలు ఇచ్చేవారు. బయట కమిటీ తన లిస్టు ప్రకారం వాటిని సవరించేది. మనవాళ్లకు ఏ, అవతలివాళ్లకు బీ. ఇదేమీ కొత్త పద్ధతి కాదు. కుట్టుమిషన్లు వచ్చినా గొర్రెలు వచ్చినా ఆఫీసులో ఒక లిస్టు, గేటు బయట ఒక లిస్టు ఉండడం అందరూ ఎరిగిందే. సీసా ఇవ్వనని మొండికేసినవాళ్లను మీ పింఛను సక్రమంగా వస్తున్నదా అని కమిటీ ఆప్యాయంగా పరామర్శించేది. లోపలున్న డాక్టరమ్మ ఆ షామియానాను చూసి ఎండకు వేశారనుకుంది.

మాసయ్య కర్ర మీద ఆనుకుని గేటు బయటికొచ్చాడు.

"మాసన్నా, జర ఆ సీసా ఇటియ్యి."

"గిదేంది శ్రీరాములూ? డాక్టరమ్మ నా పేరు రాసి ఇచ్చింది గదా."

"పైనుంచి ఆర్డరన్నా. మా అమ్మకు గావాలె."

మాసయ్య సీసా వైపు చూశాడు, శ్రీరాములు వైపు చూశాడు. "మీ అమ్మకేనా? తీస్కపో. ఆమె చేతి రొట్టె నేను గూడ తిన్న," అని ఇచ్చేశాడు. బదులుగా వచ్చిన బీ సీసాను లుంగీ మడతలో పెట్టుకుని ఆటో ఎక్కాడు.

ఇంట్లో భూలక్ష్మి కొత్త సీసాను ఎడమ చేత్తో తిప్పి తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు. "పాతదానికి రెండు పొట్టలుండె గదా, దీనికి నిచ్చెన లెక్క ఉన్నదేంది?" అంది. "పాత గోళీ మంచిగనే ఉండె బిడ్డా. వేళ్లు కదులుతుండె."

"అది ఉత్త చక్కెరమ్మా. రెండు పొట్టలది అవతలోళ్ల సీసా. దాని మొఖం గూడ చూడొద్దు. ఇది మనోళ్ల సీసా. చైర్మన్ సారు నీకోసమని ఇప్పిచ్చిండు."

పదహారేళ్లుగా కొడుకు చూపించిన గుర్తుకే ఓటేసిన మనిషి ఆమె. మారుమాట్లాడకుండా నోట్లో వేసుకుంది.

తర్వాతి నెలల్లో పెద్దమందడిలో జరిగిన అభివృద్ధి చెప్పుకోదగినది. భూలక్ష్మికి కదిలే రెండు వేళ్లు ఆరో నెలకు ఒక్క వేలయ్యాయి. తొమ్మిదో నెలకు అదీ ముడుచుకుంది. మాసయ్య ఆరో నెలలో కర్ర వదిలేశాడు. తొమ్మిదో నెలలో పాత మోపెడ్ తుడిచి, దానికి వాళ్ల పార్టీ జెండా కట్టుకుని ఊరంతా తిరగడం మొదలుపెట్టాడు.

"చక్కెర తినుకుంట గట్లెట్ల నడుస్తుండు?" అని ఫోన్‌లో అడిగారు చైర్మన్ గారు.

"మన మీద కోపంతోని నడుస్తుండు సారు," అన్నాడు శ్రీరాములు.

సారు ఆ వివరణతో తృప్తి పడ్డారు. ముందుజాగ్రత్తగా తాను కూడా రోజుకు రెండు ఏ గోళీలు వేసుకుంటున్నానని, ఇంతవరకు తనకు పక్షవాతం రాలేదని, ఇంతకన్నా రుజువేం కావాలని అన్నారు.

ఏడాది గడిచింది. ఫలితాల ప్రకటన నాగర్‌కర్నూల్ ఫంక్షన్ హాల్లో జరిగింది. డాక్టర్ పద్మజకు పన్నెండో గద్వాల చీర పెట్టారు. అదే వేదిక మీద శ్రీరాములును పార్టీ మండల అధ్యక్షుడిగా ప్రకటించారు. ఆ తర్వాత ఆమె సీలు విప్పి కాగితం చదివింది.

"బీ సీసాలో ఉన్నది మందు. ఏ సీసాలో ఉన్నది చక్కెర పొడి."

చైర్మన్ గారి చెయ్యి అప్రయత్నంగా జేబులో ఉన్న సీసా మీదికి పోయింది. శ్రీరాములు వెనక వరసలో ఉన్న తల్లి వైపు చూడబోయి, చూడలేకపోయాడు.

"కానీ," అని కొనసాగించింది డాక్టరమ్మ, ఆమె గొంతులో ఏడాది కష్టం బరువుగా ఉంది. "మా రికార్డుల ప్రకారం బీ వచ్చినవాళ్లలో సగం మంది బాగయ్యారు, సగం మంది కాలేదు. ఏ వచ్చినవాళ్లలోనూ అంతే. మందుకూ చక్కెరకూ తేడా కనబడలేదు. కనుక ఈ మందు పనిచేయదని కంపెనీ నిర్ణయించింది. తయారీ ఆపేస్తున్నారు. మిగిలిన సీసాలు రేపు పొద్దున తీసుకుపోయి కాల్చేస్తారు."

చైర్మన్ గారు వెంటనే మైకు అందుకున్నారు. నాయకుడంటే అదీ. "విన్నరా? తేడా లేదు! మందు తిన్నోళ్లకు, చక్కెర తిన్నోళ్లకు తేడా లేకుండ చేసిన ప్రభుత్వం దేశంల ఇంకేడన్న ఉన్నదా? గిదే సమానత్వం!"

చప్పట్లు మోగాయి. ఈసారి శ్రీరాములువి మొదట మొదలవలేదు. అతను మనసులో లెక్క కడుతున్నాడు. మాసయ్య కాగితం మీద ఏ, కడుపులో బీ. అమ్మ కాగితం మీద బీ, కడుపులో ఏ. మూడు జిల్లాల్లో ఇట్లాంటివాళ్లందరి సీసాలు తన లాంటివాళ్ల చేతుల మీదుగానే మారాయి. మందు పనిచేయకపోవడం కాదు. మందు మహా బాగా పనిచేసింది.

సభ అయ్యాక డాక్టరమ్మ నేరుగా అతని దగ్గరికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలున్నాయి.

"శ్రీరాములు గారూ, మూడో నెల దాకా మీ అమ్మగారి వేళ్లు కదిలాయి. తర్వాత తగ్గుతూ పోయి ఆగిపోయాయి. మీ ఊరి మాసయ్య గారి కాలు సరిగ్గా అప్పుడే కదలడం మొదలైంది. ఇట్లాంటి కాగితాలు నా దగ్గర చాలా ఉన్నాయి. ఎంతమందిని అడిగినా ఏమీ చెప్పడం లేదు. నాలుగో నెలలో ఏమైనా మారిందా? ఒక్కరు చెప్పినా చాలు. ఈరోజే రాసి పంపిస్తాను, సీసాలు కాల్చకుండా ఆపిస్తాను. మీ అమ్మగారికి ఇంకా అవకాశం ఉంది."

శ్రీరాములు నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే ఒక బరువైన చెయ్యి ఆప్యాయంగా వచ్చి భుజం మీద పడింది.

"చెప్పు అధ్యక్షా," అన్నారు చైర్మన్ గారు. "ఏమన్న మారిందా?"

"ఏం మారలే మేడం," అన్నాడు శ్రీరాములు. "పదహారేండ్ల సంది మేం ఒకటే పార్టీ."

సాయంత్రం ఇంటి ముందు మోపెడ్ ఆగింది. మాసయ్య దిగి, కుంటకుండా నడుచుకుంటూ వచ్చి, లుంగీ మడతలోంచి సీసా తీశాడు.

"పదకొండు గోళీలు మిగిలినయి. నాకైతే కాలొచ్చింది, ఇంక దేనికి? మీ అమ్మకియ్యి," అన్నాడు. శ్రీరాములు సీసా అందుకున్నాడు. మాసయ్య మోపెడ్ తిప్పుకుని వెళ్లిపోయాడు.

భూలక్ష్మి మంచం మీద కూర్చుని, ముడుచుకున్న కుడి చేతిని ఒళ్లో పెట్టుకుని ఉంది. హాల్లో చదివిన ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు అర్థం కాలేదు. చప్పట్లు మాత్రం వినబడ్డాయి, కొడుకు అధ్యక్షుడైనందుకని అనుకుంది. శ్రీరాములు ఆ సీసాను ఆమె ముందు పెట్టాడు.

ఆమె వంగి చూసింది. చూసి, ఎడమ చేత్తో దాన్ని దూరంగా నెట్టేసింది.

"గిది రెండు పొట్టలది గదా బిడ్డా. అవతలోళ్లది."

"అమ్మా, జర నా మాటిను. ఇది ఏస్కో."

"నువ్వే చెప్తివి గదా, దీని మొఖం గూడ చూడొద్దని. నిన్ను అధ్యక్షుణ్ణి జేసిండ్రు. ఇయ్యాల నేను వాళ్ల గోళీ మింగితె నీ ఇజ్జత్ ఏం గావాలె? గీ వయసుల నేను పార్టీ మారను."

"అమ్మా, అది కాదు..." అన్నాడు శ్రీరాములు. అది కాదంటే ఏదో చెప్పాలి. చెప్పాలంటే గేటు, షామియానా, బల్ల, తన చెయ్యి, అన్నీ చెప్పాలి. బయట ఊరేగింపు కోసం పిలవడానికి వచ్చిన కారు సైరన్ మోగుతోంది.

భూలక్ష్మి దిండు కింద నుంచి ఏ సీసా తీసి అతనికి అందించింది. "ఒంటి చేత్తోని మూత వస్తలేదు. జర తీసియ్యి బిడ్డా. రెండు నెలలల్ల రొట్టె నేనే తడ్త, చూడు. చైర్మన్ సారు చల్లగుండాలె."

శ్రీరాములు మూత తీశాడు. రెండు గోళీలు ఆమె ఎడమ అరచేతిలో పెట్టాడు.