గడ్డిదూడకు చందనం

గౌలిపురలో ప్రేరణ దొరుకుతుందని ఒక డిజైన్ కంపెనీ ధ్రువీకరించింది. ఇంతకాలం ఇక్కడ పాలు, పేడ, దోమలు మాత్రమే దొరుకుతాయని నమ్మిన మాబోటి స్థానికుల అజ్ఞానం ఆ రోజుతో తొలగిపోయింది.

కంపెనీ ఊరికే ఆ నిర్ణయానికి రాలేదు. కొత్తగా పెట్టబోయే ఒక పాల సంస్థకు ప్యాకెట్ మీద బొమ్మ వేసిపెట్టే పని ఒప్పుకుంది. ఆ బొమ్మ కుర్చీలో కూర్చుంటే తట్టకూడదని వాళ్ల నియమం. కుర్చీలో తట్టినదానికి ఎవరూ గొప్ప ధర ఇవ్వరు. అందుకని ముందు చార్మినార్‌కు వెళ్లారు. అక్కడి ప్రేరణను బిస్కెట్లవాళ్లు, అత్తరువాళ్లు, బిర్యానీవాళ్లు అప్పటికే అడుగంటా తోడుకున్నారు. తర్వాత గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు వెళ్లి బంతిపూల గుట్టల మధ్య కళ్లు మూసుకుని నిలబడ్డారు. బస్తాలు మోసేవాళ్లు వాళ్లను పక్కకు నెట్టుకుంటూ తమ పని చేసుకున్నారు. అక్కడ పుట్టిన బొమ్మను చూసి పాల సంస్థ యజమాని, ఇది ప్యాకెట్టా, పాడె మీద వేసే దండా అని అడిగాడట. విమర్శకైనా ఒక స్థాయి ఉండాలని కంపెనీ నొచ్చుకుంది.

ఇవన్నీ నాకు మేధ చెప్పింది. మేధ మా మేడమీద గదిలో అద్దెకుండే అమ్మాయి. ఆ బొమ్మ వేయవలసింది ఆమే.

"సోమవారం లోపల ఏమన్న తట్టకపోతే నన్ను తీసేస్తరంట అంకుల్" అంది ఒక సాయంత్రం మెట్ల మీద కూలబడి.

"పోయిన సోమవారం కూడా అదే అన్నావుగా."

"అప్పుడు బెదిరించిన్రు. ఇప్పుడు నవ్వుకుంట చెప్పిన్రు."

నేను కంచన్‌బాగ్‌లో ఒక లోహాల ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసి రిటైరైనవాణ్ని. నవ్వుతూ చెప్పేవాళ్ల సంగతి నాకు తెలుసు. ఆ అమ్మాయికి ధైర్యం చెప్పే పని పెట్టుకోలేదు.

మా ఇంటికి ఎదురుగా రుక్మిణమ్మ కొట్టం. ఆమెకున్నది ఒకే బర్రె. మా వీధికి పాలు పోసేది ఆమే. పాలలో నీళ్లు కలుపుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకు తెలుసు, మాకు తెలుసని ఆమెకు తెలుసు. ఈ అవగాహన మీదే మా వీధి ఏళ్ల తరబడి ప్రశాంతంగా నడుస్తోంది.

వానాకాలంలో ఆ బర్రె ఈనింది. కొద్దిరోజులకే దూడ చచ్చింది. దూడ కనపడనిదే ఆ బర్రె చేపదు. చేపడమంటే పొదుగులోకి పాలు దించడం. అది బర్రె ఇష్టం, మనిషి బలవంతం కాదు. ఇలాంటప్పుడు పాలవాళ్లలో పాతకాలం నుంచి ఒక పద్ధతి ఉంది. చచ్చిన దూడ చర్మం ఒలిచి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కూరి కుడతారు. కాళ్లకు బదులు కట్టెలు పెడతారు. పొద్దున, సాయంత్రం దాన్ని బర్రె ముందు నిలబెడతారు. బర్రె దాన్ని నాకుతుంది. నాకుతూ చేపుతుంది. మనిషి పితుక్కుంటాడు. ఈ ఏర్పాటులో సిగ్గుపడాల్సినవాళ్లెవరూ ఇంతవరకు సిగ్గుపడలేదు.

మేధ ఈ గడ్డిదూడ సంగతి ఆఫీసులో నోరుజారి చెప్పింది. మర్నాడు పొద్దున్నే మా సందులోకి వ్యాను వచ్చింది.

ముందుగా దిగినవాడు నందకిశోర్. కంపెనీకి ముఖ్య సృజనాధికారి. పాతబస్తీలోనే పుట్టాడట. ఇక్కణ్ణుంచి వెళ్లిపోయాకే దీని మీద ప్రేమ పెరిగిందట. వెనక దిగినవాళ్లు పేడ తొక్కకుండా నడవడంలో ఎంతో సృజన కనబరిచారు. వాళ్లలో ఒకతను గడ్డిదూడ నోటికి బిస్కెట్ అందించాడు.

"అది తినది బిడ్డా" అంది రుక్మిణమ్మ పితుకుతూనే. "దాని కడుపుల మస్తు గడ్డి ఉంది."

నందకిశోర్ బర్రె నాకడం చూశాడు. గిన్నె నిండడం చూశాడు. తర్వాత తనవాళ్ల వైపు తిరిగి ప్రసంగించాడు.

"మిత్రులారా, ప్రేరణ కోసం మనం ఎన్ని గుమ్మాలు ఎక్కలేదు? ఈరోజు ఒక మూగజీవి మనకు పాఠం చెప్పింది. నిజమైన దూడ పాలు తాగేస్తుంది. ఈ దూడ చుక్క ముట్టదు. పెరగదు. జబ్బు చేయదు. ఇదివరకే చచ్చింది కాబట్టి ఇకముందు చావదు. తల్లిలో ఆశ మాత్రం రోజూ కొత్తగా పుట్టిస్తుంది. ప్రేరణ అంటే ఇది కాక ఇంకేమిటి?"

అందరూ చప్పట్లు కొట్టారు. బర్రె బెదిరి చేపడం ఆపేసింది.

ఆ దూడను పాల సంస్థ యజమానికి చూపించాలన్నాడు నందకిశోర్. రుక్మిణమ్మ ఇవ్వనంది. అతను సంస్కృతి, వారసత్వం, ప్రపంచపటం అన్నాడు. ఆమె ఇవ్వనంది. చివరికి మేధ వెళ్లి ఆమె పక్కన గొంతుక్కూర్చుంది.

"అమ్మా, నా నౌకరి పోతది."

రుక్మిణమ్మ గిన్నె పక్కన పెట్టింది. "పొద్దుగూకే లోపల తెచ్చిస్తవా? దుడ్డె లేకుంటే అది చేపది. పాలు తియ్యకుంటే నాలుగు దినాల్ల వట్టిపోతది. దానెనుక నేను పోత."

"నేనే తెస్త. ఒట్టు."

"రావుసాబ్, విన్నరు గదా" అని నన్ను సాక్షిగా పెట్టింది. విన్నానన్నాను. ఈ దేశంలో సాక్షి పని అంతవరకే.

సాయంత్రం వ్యాను రాలేదు. బర్రె అరిచిన అరుపుకు వీధిలో టీవీలు వినపడలేదు. మేధ ఒట్టి చేతులతో ఇల్లు చేరింది. దూడకు అద్దాలపెట్టె చేయిస్తున్నారని, అడిగితే 'ప్రక్రియ నడుస్తోంది' అన్నారని చెప్పింది. రుక్మిణమ్మ తవుడు పెట్టి, పల్లిచెక్క పెట్టి, బర్రెను బతిమాలి, గ్లాసెడు పాలు పిండుకుంది. వాటిలో నీళ్లు కలపలేదు. పరిస్థితి ఎంత తీవ్రమో మాకు అప్పుడు అర్థమైంది.

మర్నాడు ఆమె వెంట నేనూ ఆ కంపెనీకి వెళ్లాను. గేటు దగ్గర మెడలో తాడు వేసుకున్న సెక్యూరిటీ ఆపాడు.

"ఎవరిని కలవాలె అమ్మా?"

"దుడ్డెను."

"ఏ డిపార్ట్‌మెంట్?"

"గడ్డి."

అతను లోపలికి ఫోన్ చేసి, సార్ మీటింగులో ఉన్నారు గాని దూడ ఖాళీగానే ఉంది, చూడవచ్చు అన్నాడు.

గడ్డిదూడ గుమ్మంలోనే అద్దాలపెట్టెలో నిలబడి ఉంది. కిందనుంచి దీపం. పెట్టెకు చెయ్యి పట్టేంత కంత. ఉద్యోగులు వస్తూ అందులో చెయ్యి పెట్టి దూడ నొసలు నిమిరి సీట్లకు వెళ్తున్నారు. నిమరనివాళ్లకు హాజరు పడదు. దీనికి చేపు విధానమని పేరు పెట్టారు. ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రతి ఉద్యోగి తనకంటూ ఒక గడ్డిదూడను బల్ల మీద పెట్టుకోవాలని ఆదేశించారు. ఒకతను కొల్లూరు వైపు ఇంకా కట్టని విల్లా ఫొటో పెట్టుకున్నాడు. ఒకామె మంచుకొండల బొమ్మ పెట్టుకుంది. ఇంకొకతనికి తేదీ వేయని ప్రమోషన్ ఆర్డరు కంపెనీయే ఫ్రేము కట్టించి ఇచ్చింది. ఒక్క రోజులోనే పని గంటలు పెరిగాయి. జీతం పెంచమని ఎవరూ అడగలేదు. అందరూ ఎదుట ఉన్నదాన్ని చూసుకుంటూ పనిచేస్తున్నారు.

నందకిశోర్ బయటికి వచ్చి రుక్మిణమ్మకు రెండు చేతులతో నమస్కారం పెట్టాడు.

"అమ్మా, మీ దూడ ఇప్పుడు మీ ఒక్కరిది కాదు."

"మరి బర్రె?" అంది ఆమె. "అదన్న నా ఒక్కదానిదేనా?"

అతను నవ్వి, దూడకు దూడ ఇస్తామన్నాడు. ఇచ్చాడు. యంత్రంలో అచ్చు వేసిన దూడ. తేలిక, కడగవచ్చు, మడతపెట్టవచ్చు, బూడిద రంగులోనూ దొరుకుతుంది. సాయంత్రం దాన్ని బర్రె ముందు పెట్టారు. బర్రె తన్నింది. దూడ గోడకు తగిలి, ఏ దెబ్బా లేకుండా తిరిగి వచ్చి నిలబడింది. నాణ్యత విషయంలో కంపెనీ ఆనందించింది. బర్రె ప్రవర్తన విషయంలో మాత్రం, లోపం వస్తువులో కాదు, వాడేవారి అవగాహనలో ఉందని తేల్చింది.

అందుకని బర్రెకు అవగాహన సదస్సు పెట్టారు. కొట్టంలో తెర కట్టారు. మార్పును ఎలా స్వీకరించాలో నందకిశోర్ బొమ్మలు చూపిస్తూ వివరించాడు. బర్రె మొత్తం వింది. దాన్ని కట్టేశారు కాబట్టి వింది. మిగతా శ్రోతలూ ఇంచుమించు అదే కారణంతో విన్నారు. చివర్లో ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగారు.

"మా దుడ్డె ఎప్పుడిస్తరు?" అంది రుక్మిణమ్మ.

అది సదస్సు పరిధిలోకి రాదన్నారు.

ఆదివారం నాటికి గ్లాసెడు పాలు అరగ్లాసు అయ్యాయి. ఆ రోజు మేధ ఒక పని చేసింది. ఆమె కాలంవాళ్లు చేస్తారని నేను అనుకోని పని. బొమ్మ పూర్తిచేసి దాచుకుని, దూడను వెనక్కి ఇస్తేనే ఇస్తానని నందకిశోర్‌కు చెప్పింది.

"తీసేస్తే తీసేయనీ అంకుల్" అంది నాతో. "నేను ఒట్టు పెట్టిన."

గంటలో కంపెనీ ఒప్పుకుంది. బొమ్మ అవసరం అలాంటిది. పైగా అప్పగింతను కూడా ఒక కార్యక్రమంగా చేయవచ్చని ఎవరికో తట్టింది. సాయంత్రం వ్యాను వచ్చింది. బ్యానరు వచ్చింది. శాలువా వచ్చింది. దండ వేసిన గడ్డిదూడను నలుగురు పట్టుకుని దించారు. అది తళతళలాడుతోంది. ఆఫీసుకు వచ్చే పెద్దమనుషులు వాసనకు ఇబ్బంది పడుతున్నారని, ఎవరి దూడో తెలియనంత గౌరవంగా దాన్ని షాంపూతో కడిగి, వార్నిష్ కొట్టి, చందనం నూనె పూశారు.

రుక్మిణమ్మ దాని మెడ మీద ముక్కు పెట్టి చూసింది.

"కడిగిన్రా?" అంది.

"చాలా శ్రద్ధగా" అన్నాడు నందకిశోర్.

మా ఇంట్లో పెట్టె అడుగున కాలం చేసిన మా ఆవిడ చీర ఒకటి ఉంది. ఆరేళ్లుగా దాన్ని ఉతకనివ్వలేదు. ఆ సంగతి ఇక్కడ అనవసరం.

గడ్డిదూడను బర్రె ముందు నిలబెట్టారు. బర్రె మెడ చాచింది. ముందు నుంచి వాసన చూసింది, వెనక నుంచి చూసింది, మళ్లీ ముందుకు వచ్చి చూసింది. ఫొటోలు తీసేవాడు ఇంకాస్త దగ్గరికి రమ్మని దానికి సైగ చేశాడు. బర్రె కాలెత్తి ఒక్క తన్ను తన్నింది. కుట్లు తెగి గడ్డి బయటపడింది. బర్రె గోడ వైపు తిరిగి నిలబడింది.

తర్వాత అరవలేదు. వట్టిపోయింది. రుక్మిణమ్మ దాన్ని అమ్మింది. ఎవరికని వీధిలో ఎవరూ అడగలేదు. ఏవి అడగకూడదో మాకు చిన్నప్పటినుంచి నేర్పారు.

ప్యాకెట్ బజారులోకి వచ్చింది. దాని మీద మేధ వేసిన దూడ నాలుక చాపి నవ్వుతోంది. బతికున్న రోజుల్లో కూడా ఆ దూడ అంత ఆరోగ్యంగా లేదు. బొమ్మకు పురస్కారం వచ్చింది. సభలో నందకిశోర్ దాన్ని గౌలిపురలోని ఒక అజ్ఞాత మాతృమూర్తికి అంకితమిచ్చాడు. రుక్మిణమ్మ గురించే అనుకున్నాం. బర్రె గురించని తర్వాత తెలిసింది. మేధ ఉద్యోగం నిలిచింది. ఆమె బల్ల మీద కూడా ఇప్పుడు ఏదో ఫ్రేము ఉందట. అందులో ఏముందని నేను అడగలేదు.

కొట్టం ఇప్పుడు ఆ పాల ప్యాకెట్ల ఏజెన్సీ. బోర్డు కంపెనీవాళ్లే పెట్టించారు. రుక్మిణమ్మ స్టూలు మీద కూర్చుని అమ్ముతుంది.

"ఎట్లుంది రుక్మిణమ్మా?" అన్నాను మొదటిరోజు.

"నీళ్లు కలిపే లొల్లి తప్పింది రావుసాబ్. ఆడికెల్లే కలిపి పంపుతున్నరు."

పాలు పలచన. ధర ఎక్కువ. అయినా పొద్దున్నే వీధి వీధంతా కొట్టం ముందు బారులు తీరుతుంది. ప్యాకెట్ అందగానే అందరం ముందు దూడ ముఖం చూస్తాం. కొందరు బొటనవేలితో నిమురుతారు కూడా. ఆపైన ఎవరూ అడగకుండానే చేతులు జేబుల్లోకి వెళ్తాయి. వాసన ఎవరూ చూడరు. మా వీధిలో వాసన చూసి తన్నింది ఒక్క బర్రె. దాన్ని అమ్మేశాం.